ఎక్కేది ఎక్కడైతేనేం

మొన్న సాయంత్రం మా చెల్లెలి కూతురు ఢిల్లీ నుంచి ఫోను చేసి, వచ్చే వారం నా కంటికి శుక్లం తీయబోతున్నారన్న సంగతి తనకు చెప్పకుండా ఎందుకు దాచిపెట్టానో ముందు జవాబు చెప్పమని కాసేపు దబాయించి, ఆపైన తాను వచ్చి తీరుతానని తేల్చేసింది. ఈ కాలంలో శుక్లం తీయించుకోవడమంటే పొద్దున వెళ్లి మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి పప్పన్నం తినే పని, దానికోసం అంత దూరం నుంచి రావడమెందుకని నేనంటూనే ఉన్నాను, ఆ పిల్ల మాత్రం వినకుండా విమానం టికెట్ల ధరలు పైకి చదవడం మొదలుపెట్టింది. మా తిరుపతి పక్కనే ఉన్న రేణిగుంటలో దిగితే ఒక ధర, చెన్నైలో దిగితే అందులో సగానికి కాస్త పైన, బెంగళూరులో దిగితే రెంటికీ మధ్యస్తంగా మరొకటి, పోనీ రేణిగుంటకే ఇంకో కంపెనీ విమానంలో వస్తే ఇంకేదో. నేను కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకొని మళ్లీ పెట్టుకునేలోగా అందులో ఒకటి పెరిగిందట.

చెన్నైలో దిగి బస్సెక్కి వస్తాననీ, లేకపోతే ఒకటి రెండు రోజులు ఆగి ధర తగ్గుతుందేమో చూస్తాననీ చెప్పి, జీవితమంతా టికెట్ల కౌంటరులో కూర్చున్న మనిషివి కదా పెద్దమ్మా, ఒకే ఊరు నుంచి వచ్చేదానికి ఇన్ని ధరలెందుకో నువ్వే చెప్పాలని ఆటపట్టించింది. నేను నవ్వి ఊరుకున్నాను. జవాబు తెలియక కాదు. ఆ జవాబు ఆమె పుట్టినప్పుడే, సరిగ్గా ఆమె పుట్టడం మూలంగానే మా ఇంటికి తెలిసింది, కాకపోతే ఫోనులో చెప్పే కథ కాదు.

తిరుపతి బస్టాండులో రిజర్వేషను కౌంటరు వెనక కూర్చున్న నా ఈడువాళ్లకు ఇప్పటికీ కొన్ని ఊళ్ల చార్జీలు నోటికి వస్తాయి. దూరాన్ని బట్టి చార్జీ, అంతే. బెంగళూరు వెళ్లే బస్సులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు పెళ్లికి పోతుండవచ్చు, ఇంకొకరు చావుకు పోతుండవచ్చు, ఇద్దరి చేతిలోనూ ఒకే ధర ఉన్న టికెట్టే ఉండేది, నెల ముందు కొన్నా బస్సు కదిలే ముందు పరుగెత్తుకొచ్చి కొన్నా అందులో పైసా తేడా ఉండేది కాదు. నా కిటికీ ముందు బేరాలు లేవని నాకు లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఇంకో సౌకర్యం ఏమిటంటే, తిరుపతి నుంచి టికెట్టు తీసుకున్నవాళ్లు తిరుపతిలోనే ఎక్కాలన్న పట్టింపు లేదు. చంద్రగిరిలో బట్టల కొట్టు పెట్టుకున్న మా చిన్నాన్న చిత్తూరు వైపు ఎప్పుడు వెళ్లవలసి వచ్చినా నా దగ్గర తిరుపతి నుంచి సీటు రాయించుకొని, తీరిగ్గా కొట్టు కట్టేసి చంద్రగిరిలో రోడ్డు మీద నిలబడి ఎక్కేవాడు. నేను కండక్టరుకు ఒక మాట చెప్పి ఉంచేదాన్ని, ఆయన ఆ సీటు ఖాళీగా అట్టే పెట్టేవాడు. ఎక్కేది యాడైతే ఏమి పాపా, సీటు మనదే గదా అని చిన్నాన్న అనేవాడు, ఆ మాటలో మాకెవరికీ తప్పు కనిపించేది కాదు.

నాయన పోయిన తర్వాత మా ఇంటికి మగదిక్కు ఆ చిన్నాన్నే. మా చెల్లెలు నాకంటే చాలా చిన్నది, పెళ్లై ఢిల్లీలో కాపురముండేది. పెళ్లైన తర్వాత రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది, రెండుసార్లూ అమ్మ దగ్గర లేదు, అది ఆసుపత్రిలో ఒక్కతే గోడవైపు తిరిగి పడుకుందని తర్వాత అల్లుడు చెబితే అమ్మ రోజుల తరబడి అన్నం సరిగా తినలేదు. అందుకని చాలా ఏళ్లకు మళ్లీ కడుపు పండినప్పుడు, పురిటికి పుట్టింటికి రావడానికి డాక్టరమ్మ ససేమిరా ఒప్పుకోక మంచం దిగవద్దన్నప్పుడు, తానే వెళ్లి దాని పక్కన ఉంటానని అమ్మ మాట ఇచ్చింది. నొప్పులొచ్చేటప్పుడు నీ చెయ్యి నా చేతిలో ఉంటుంది భయపడొద్దని ఆమె ఫోనులో చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. ముందుగానే వెళ్లి ఉండవచ్చు కానీ అమ్మకు అంతకుముందే విషజ్వరం వచ్చి, ఆ నీరసం తీరేసరికి నెలలు నిండిపోయాయి. ఇక రైలులో రెండు రాత్రుళ్లు కూర్చుని వెళ్లే సమయం లేదని, విమానమే దారి అని అందరం అనుకున్నాం.

మాలో ఎవరమూ అప్పటికి విమానం ఎక్కినవాళ్లం కాదు. రేణిగుంటకు పగటిపూట చిన్న విమానం ఒకటి వచ్చిపోతుంటే తల పైకెత్తి చూడడం వరకే మాకు దానితో పరిచయం. చిన్నాన్న రేణిగుంట రోడ్డులో టికెట్లు అమ్మే దుకాణానికి వెళ్లి అన్నీ విచారించుకొని వచ్చి, ఒక వింత చెప్పాడు. హైదరాబాదులో ఎక్కి ఢిల్లీ వెళ్లే టికెట్టు ధర ఎక్కువట. రేణిగుంటలో చిన్న విమానం ఎక్కి, హైదరాబాదులో దిగి, అదే ఢిల్లీ విమానంలోకి మారే టికెట్టు దానికంటే చవకట. ఎక్కువ దూరానికి తక్కువ ధర ఏమిటో నా కౌంటరు బుద్ధికి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు, చిన్నాన్నకు మాత్రం అప్పనంగా ఏదో దొరికినంత ఆనందమైంది.

కాకపోతే ఒక చిక్కు ఉంది. హిందీ గానీ ఇంగ్లీషు గానీ ఒక్క ముక్క రాని అమ్మ హైదరాబాదులో ఒంటరిగా దిగి, ఏ తలుపులో నుంచి పోవాలో ఎవరిని అడగాలో తెలియక తప్పిపోతే ఎలాగని చిన్నాన్నకు గుబులు పట్టుకుంది. ఆలోచించి ఆలోచించి ఆయన కనిపెట్టిన మార్గమే మా కథను మలుపు తిప్పింది. టికెట్టు చవకైనదే, అంటే తిరుపతి నుంచే తీసుకున్నాడు. ఆ చిన్న విమానం మాత్రం వద్దు, తాను అమ్మను ముందురోజు రాత్రి రైలులో హైదరాబాదు తీసుకెళ్లి, దగ్గరుండి ఢిల్లీ విమానంలో కూర్చోబెట్టి వస్తానన్నాడు. చంద్రగిరిలో బస్సెక్కినట్టే కదా. ఈ ఆలోచన దుకాణం ఆయనకు చెప్పాలని చిన్నాన్నకు తోచలేదు, అడగాలని మాకూ తోచలేదు. ఆరోజు నన్ను అడిగి ఉంటే నేనూ దివ్యంగా ఉందనే అనేదాన్ని.

ప్రయాణం రోజు మంచిది కాదని తేలింది. ఇలాంటప్పుడు మావాళ్లు చేసే పని పరస్థానం పెట్టడం. మంచి ఘడియ ఎప్పుడుంటే అప్పుడు ప్రయాణపు సంచిని ఇల్లు దాటించి, వెళ్లే దిక్కులో ఉన్న మరొకరి ఇంట్లో పెట్టేస్తారు, దాంతో మనిషి బయలుదేరినట్టే లెక్క. ఆ తర్వాత మనిషి ఎప్పుడు కదిలినా దోషం అంటదు, సంచిని మాత్రం మళ్లీ ఇంట్లోకి తేకూడదు. మా సందులో ఉత్తరం దిక్కున ఉన్న ఇల్లు పరుపులు, బొంతలు కుట్టే సాయబులది. ఆ ఇంటి ఇల్లాలిని మేమంతా ఖాలా అనేవాళ్లం. ఎన్నో ఏళ్లుగా మా ఇంటి పరస్థానాలన్నీ ఆమె ముందుగదిలో దూది మూటల పక్కనే ఉండేవి, సంచి ఎప్పుడు వస్తుందో అడిగి మరీ ఆమె ఆ మూల ఊడ్చి ఉంచేది. అమ్మ బాలింతకోసం దంచిన కారప్పొడి, నెయ్యి, పాత మెత్తటి చీరలు చింపి మడతపెట్టిన పొత్తిగుడ్డలు అన్నీ సర్దిన సంచి ఆ సోమవారం పొద్దున ఖాలా ఇంటికి చేరింది.

మర్నాడు సాయంత్రం సంచి తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఖాలా అమ్మను కూర్చోబెట్టి, ఆకుపచ్చ గుడ్డపీలికలో ఒక నాణెం పెట్టి అమ్మ కుడిచేతి దండకు కట్టింది. దూరం వెళ్లేవాళ్లకు వాళ్లు కట్టే ఇమాం జామిన్ అది, దారిలో కాపాడుతుందని. క్షేమంగా చేరిన తర్వాత దాన్ని విప్పి, ఆ నాణెం లేనివాళ్లకు ఇచ్చేయాలి.

“పోయి చేరేదాకా ఇది యిప్పద్దక్కా” అంది ఖాలా. “బిడ్డను ఎత్తుకున్నాక ఎవురికన్నా ఇచ్చేయ్.”

అమ్మ ఒక చేతికి ఆకుపచ్చ గుడ్డ, కొంగు ముడిలో కొండ మీది అక్షింతలు పెట్టుకొని రైలెక్కింది. సందులో సగం మంది స్టేషనుకు వచ్చారు.

హైదరాబాదు విమానాశ్రయంలో ఏం జరిగిందో అమ్మ ఒకలాగా, చిన్నాన్న ఇంకొకలాగా చెప్పేవాళ్లు, రెండూ కలిపి నేను ఊహించుకున్నది ఇది. కౌంటరులోని అమ్మాయి కంప్యూటరులో చూసి, ఈమె తిరుపతిలో విమానం ఎక్కలేదు కాబట్టి టికెట్టు మొత్తం రద్దయిపోయిందని చెప్పింది. చిన్నాన్నకు అది అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.

“రాలేదంటావేమ్మా, మనిషి ఈడనే ఉండాది గదా” అన్నాడట. “సీటు కాళీగా ఉండాదా లేదా, అది చెప్పు.”

సీటు ఉంది, కానీ అమ్మది కాదు. కావాలంటే ఇప్పుడు కొత్తగా కొనుక్కోవాలి, ఆ పూట ధర మేము ఇచ్చినదానికి ఎన్నో రెట్లు, ఇద్దరి దగ్గర ఉన్నదంతా పోగేసినా చాలలేదు. చిన్నాన్న నిస్సహాయంగా, సంచి సోమవారమే ఇల్లు కదిలిందనీ ప్రయాణం తిరుపతిలోనే మొదలైందనీ కూడా చెప్పి చూశాడట. ఆ మాట తర్వాత్తర్వాత చెప్పుకొని నవ్వేవాడు గానీ, ఆ వేళ ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయని అమ్మ చెప్పింది. లోపల విమానం సిద్ధంగా ఉంది, అందులో అమ్మ కూర్చోవలసిన సీటు ఖాళీగా ఉంది, గాజు తలుపుకు ఇవతల అమ్మ సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. అమ్మ ఒక్క మాట కూడా విసుక్కోలేదట. “రైలు యాడ ఎక్కాలో సూడు మరిదీ” అని మాత్రం అంటూ లేచిందట.

చిన్నాన్న ఆమెను ఒంటరిగా పంపలేదు. కొట్టు సంగతి వదిలేసి, మారుబట్ట కూడా లేకుండా, రిజర్వేషను లేని పెట్టెలో ఎలాగో అమ్మకు కిటికీ పక్కన చోటు సంపాదించి, తాను తలుపు దగ్గర నిలబడి ఢిల్లీ దాకా వెళ్లాడు. రైలెక్కే ముందు స్టేషనులోని ఎస్టీడీ బూత్ నుంచి నాకు ఫోను చేసి రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. అప్పటికి ఆయనకు సెల్ ఫోను లేదు. ఆ రాత్రే చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి, తెల్లవారేసరికి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమమని అల్లుడు ఫోను చేశాడు. నేను ఖాలా ఇంటికి పరుగెత్తి చెబితే ఆమె నన్ను కావలించుకొని ఏడ్చింది. ఆనందంగానే ఉంది, కానీ ఆ కబురు ఎవరి చెవిన ముందు పడాలో ఆ మనిషికి చేర్చే దారి లేదు. ఆ రోజంతా కౌంటరులో టికెట్లు ఇస్తూ, ఇప్పుడు రైలు ఎక్కడ ఉంటుంది, అమ్మ ఏం అనుకుంటూ ఉంటుంది అని నాలో నేనే కుమిలిపోయాను. ఇచ్చిన మాట తప్పానేమోనని ఆమె కిటికీ ఊచలు పట్టుకొని కూర్చున్న రూపం నేను చూడకపోయినా ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది.

ఢిల్లీలో అమ్మ ఆసుపత్రికి వెళ్లేసరికి పాప స్నానం ముగించుకొని నిద్రపోతోంది. చెల్లెలు అమ్మను చూసి ముందు అలిగింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత అక్కడ పనిచేసే ఒక ఆయాను చూపించి, రాత్రంతా తన చెయ్యి పట్టుకొని కూర్చున్నది ఈవిడేననీ, పాపను మొదట ఎత్తుకున్నదీ స్నానం చేయించినదీ కూడా ఈవిడేననీ చెప్పింది. అమ్మ పాపను ఎత్తుకోలేదు. ముందు మూలకు వెళ్లి చేతి దండకున్న ఆకుపచ్చ గుడ్డ విప్పి, అందులోని నాణెం ఆ ఆయా అరచేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో మూసి కళ్లకద్దుకుంది. అదేమిటో ఆమెకు తెలియదు, అమ్మకు చెప్పడానికి భాష రాదు. అయినా ఆయా నాణేన్ని నెత్తికి తాకించుకొని కొంగున ముడేసుకుందట. ఆ తర్వాతే అమ్మ మనవరాలిని ఎత్తుకుంది.

తిరిగి వచ్చాక చిన్నాన్న రేణిగుంట రోడ్డు దుకాణానికి తగువు పెట్టుకోవడానికే వెళ్లాడు. అక్కడి ఆయన టీ తెప్పించి కూర్చోబెట్టి ఓపికగా చెప్పి పంపాడు, అమ్మ కూడా ఢిల్లీ నుంచి వచ్చిన తర్వాత అది చిన్నాన్న మా అరుగు మీద కూర్చొని మాకు చెప్పాడు. విమానాలకు దూరాన్ని బట్టి ధర ఉండదట, ఎక్కే ఊరికీ దిగే ఊరికీ మధ్య ఎవరు ప్రయాణిస్తారు, ఎన్ని కంపెనీలు పోటీలో ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుందట. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్లేవాళ్లలో చాలామంది ఆఫీసు పనులవాళ్లు, టికెట్టు సొమ్ము వాళ్ల జేబులోది కాదు, ఎంతైనా ఇస్తారు. తిరుపతి మనిషి అలా కాదు, ధర ఎక్కువైతే బస్సెక్కి చెన్నై వెళ్లి, అక్కడ నాలుగు కంపెనీలు పోటీపడి అమ్మే టికెట్లలో ఒకటి కొనుక్కుంటాడు. అతన్ని చెన్నై పోకుండా రేణిగుంటలోనే పట్టుకోవాలంటే, హైదరాబాదులో దించి ఎక్కిస్తున్నందుకు ధర తగ్గించక తప్పదు. అతని కోసం తగ్గించిన ధరను హైదరాబాదువాళ్లు వాడుకోకూడదు కనుక, మొదటి విమానం ఎక్కనివాళ్లకు రెండోది కూడా లేదన్న నియమం పెట్టారు. తిరుపతి నుంచి హైదరాబాదు వరకే వెళ్లేవాళ్ల దగ్గర మాత్రం బాగానే తీసుకుంటారట, చిన్న విమానం, కొద్ది సీట్లు, వేరే కంపెనీ పోటీకి లేదు. ఇవి కాక విమానం నూనె మీద ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పన్ను, ఒక్కో విమానాశ్రయంలో ఒక్కో రుసుము. సీట్లు నిండేకొద్దీ, రోజు దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతూ పోతుంది.

అమ్మ పూలు కడుతూనే అంతా విన్నది. ఆమె ప్రతి శుక్రవారం తిరుచానూరు వెళ్లి అమ్మవారికి పూలు కొనే మనిషి, గుడి ఎదుట ఒక ధర, వెనక సందులో ఒక ధర, పండగ రోజుల్లో ఇంకో ధర అని ఆమెకు తెలియనిది కాదు.

“పూలామె కూడా మనిషిని సూసి రేటు చెప్తుంది, కాదనను” అంది చివరికి. “కానీ పొద్దుగూకినాక పోతే తగ్గించి ఇస్తుంది. పూలు వాడిపోతాయి గదా. వీళ్లు కడాన పరిగెత్తుకొని వచ్చినోళ్ల దగ్గరే ఎక్కువ గుంజుతారంటే, అవసరాన్నే అమ్ముతుండారు.”

విమానాల ధరల గురించి అంతకంటే సూటిగా చెప్పినవాళ్లు నాకు ఇప్పటిదాకా తగల్లేదు. కంపెనీలను తప్పుపట్టాలని కాదు, వాళ్ల లెక్క వాళ్లది, ఖాళీ సీటుతో ఎగిరిన విమానం ఎవరికీ లాభం కాదు. బస్టాండులో కూడా ఇప్పుడు పండగలకు ప్రైవేటు బస్సులు ధరలు ఎలా ఆకాశానికి ఎత్తుతాయో చూస్తూనే ఉన్నాం. నా కిటికీ ఉన్న చోట ఇప్పుడు గోడ ఉంది, టికెట్లన్నీ జనం చేతుల్లోని ఫోన్లలోకి వెళ్లిపోయాయి.

ధరల సంగతి అందరికీ తెలిసిపోయింది గానీ, పక్కింటివాళ్లు ఎప్పుడు ఊరెళ్తున్నారో ఎవరికీ తెలియడం లేదు. మా సందులో పొద్దున్నే కారు వచ్చి ఆగుతుంది, చక్రాల పెట్టెలు గడగడమని కదిలిపోతాయి, ఎవరు ఎక్కడికి వెళ్లారో వారం తర్వాత తెలుస్తుంది. అమ్మ పోయింది, చిన్నాన్న పోయాడు. ఖాలా పోయిన తర్వాత వాళ్ల పిల్లలు ఇల్లు అమ్మి మదనపల్లె వెళ్లిపోయారు, దూది మూటలుండే ఆ ముందుగదిలో ఇప్పుడు జిరాక్సు దుకాణం ఉంది. పరస్థానం పెట్టాలన్నా సంచి ఎవరింట్లో పెట్టాలో నాకు తెలియదు.

నిన్న ఆ పిల్ల మళ్లీ ఫోను చేసింది. చెన్నై కాదట, రేణిగుంటకే టికెట్టు కొనేసిందట, మొన్నటి కంటే ధర ఇంకా పెరిగిన తర్వాత. చెన్నైలో దిగి బస్సులో రావచ్చు కదా, ఎందుకే అంత పోసి కొన్నావని నేను కోప్పడ్డాను.

“ముందురోజు సెలవు దొరకలేదు, చెన్నైలో దిగితే మధ్యాహ్నానికి గానీ రాను పెద్దమ్మా” అంది. “నిన్ను లోపలికి తీసుకపోయేటప్పుడు నేను ఆడ ఉండాల.”

ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. ఆ ‘ఆడ’ అనే మాట వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదే. ఆ పిల్ల పుట్టుక సమయానికి చేరాలని అమ్మ ఎంత తపించిందో, చేరలేకపోయినందుకు బతికినన్నాళ్లూ లోలోపల ఎంత బాధపడిందో ఆ పిల్లకు ఎవరూ చెప్పినట్టు లేదు, అయినా ఏ ధరకు కొనాలో ఆమెకు తెలిసింది. తను తిరిగి వెళ్లేటప్పుడు చేతికి కట్టడానికని ఒక నాణెం తీసి దేవుడి గూట్లో పెట్టాను. ఆకుపచ్చ గుడ్డ కోసం పెట్టెలన్నీ వెతికాను గానీ ఇంట్లో దొరకలేదు. వెనకటిలాగా పక్కింటికి వెళ్లి అడుగుదామని చెప్పులు తొడుక్కొని వీధిలోకి వచ్చిన తర్వాత గానీ, ఖాలా లేదన్న సంగతి గుర్తురాలేదు.